చేతిలో కొర్రముక్క

రోహిణి కార్తె, శుక్రవారం

పొద్దున పంపుహౌసు తలుపు తీసేసరికి పలక మీద దుమ్ము పేరుకుని ఉంది. తడిగుడ్డతో తుడిచి, సోలారు రేకు తీగ తగిలించాను. వెలిగాక రోజూ చేసే పనే చేశాను. గద్ద తీసిన బొమ్మల్లో మా ఊరి చేలు సరిగ్గా ఉన్నాయో లేదో చూశాను. గద్ద అంటే నీటి సభ వాళ్ళు మా మీద తిప్పే డ్రోను. మారెక్క వదిన చీనీ మొక్కలను, అంటే బత్తాయిలను, అది మళ్ళీ కంపచెట్లని రాసింది. దిద్దాను. వదినకు తెలిస్తే రాయి తీసుకుని దాని వెంట పడుతుంది.

దిద్దడం అయ్యాక కనిపించింది, కొత్త కట్ట వచ్చిందని.

కాలువ నీళ్ళ వంతు కోసం ఊళ్ళు పలక మీద ఆడే నీటిపేకకు కొత్త కట్ట రావడం నేను ఊరి తరఫున ఆడడం మొదలుపెట్టాక ఇదే మొదలు. నాకు నేర్పింది మా చిన్నాయన సుంకన్న. ఆయన చూపు తగ్గాక పలక నా చేతికి వచ్చింది. ఆయనకు తెలిసిన ఆటే నాకూ తెలుసు. ముక్క అంటే హక్కు. వేరుశనగ ముక్క మా కట్టలో ఉంటే మేం వేరుశనగ వేసుకోవచ్చు. లేని పంట వేస్తే గద్ద చూస్తుంది, చేను ఎర్రబడుతుంది. ఎర్రబడిన చేనును సభ నేలగా లెక్కపెట్టదు. ఏళ్ళ తరబడి అందులో గడ్డి కోసినా తప్పే.

కట్ట విప్పాను. కొత్త సూత్రాలు మూడు ఉన్నాయి. రెండోది చదివాక పలక ఆపేసి, కాసేపు గుమ్మంలో కూర్చున్నాను.


మృగశిర, ఆదివారం

పాలకేంద్రం వసారాలో ఊరిని కూర్చోబెట్టి సూత్రాలు చదివి వినిపించాను.

మొదటిది జోడి. రెండు ముక్కలు కలిపి దించితే వాటి దాహం, అంటే సభ లెక్కలో వాటికి కావాల్సిన నీళ్ళు, కలిసి పెరుగుతుంది. మా దగ్గర చీనీ ముక్క ఉంది, బోరు ముక్క ఉంది. అందరికీ నచ్చింది. ఎవరి దాహం ఎక్కువని తేలితే వాళ్ళకే కాలువలో ముందు వంతు. ఏటా మృగశిరలో పైనున్న మడుగూరికీ చివరనున్న మా రాళ్లవంకకూ ఒక ఆట. వెనకటికి ఇది కర్రలతో తేలేదట. చిన్నాయన మోచేతి మీద మడుగూరి వాళ్ళు కొట్టిన మచ్చ ఇప్పటికీ ఉంది.

రెండోది మిగులు. ఆట ముగిసేటప్పటికి చేతిలో ఏ ముక్క ఉంటే అది ఎదుటి ఊరికి పోతుంది. వాడుకోని హక్కు వాడుకునే వాళ్ళకు చెందాలని కింద రాశారు.

వసారాలో అందరూ చిన్నాయన వైపు తిరిగారు.

మా ఊరి చేతిలో ఎప్పుడూ ఒక ముక్క మిగులుతుంది. అది కొర్ర. దాన్ని దించితే దాహం తగ్గుతుంది. వీళ్ళకు వాన చాలు, కాలువ అక్కర్లేదని సభ అనుకుంటుంది. అందుకని మా వాళ్ళెవ్వరూ దాన్ని దించలేదు. చేతిలోనే దాచుకుని ఆట ముగించేవాళ్ళు. కాలువ వంతులన్నీ అయిపోయాక, నీళ్ళు చాలని ఏడు కొర్ర విత్తుకునేవాళ్ళు. ఊరు తిండి తిన్న ఏళ్ళలో సగం ఏళ్ళు ఆ కొర్రే పెట్టింది.

"గాదె అడుగు జూసినోని ఇల్లు నిలబడదు. చేతి అడుగు గూడ అంతే. ఏదో ఒగటి మిగలాల" అన్నాడు చిన్నాయన.

"మిగిలిస్తే మడుగూరోళ్ళు ఎత్తకపోతారంట, ఇనబళ్ళేదా మామా? నీ గాదెలో ఎలకలు సంసారం జేస్తాండాయి. అడుగు జూసేకి నువ్వు వంగితే గదా!" అంది మారెక్క వదిన.

నవ్వారు. చిన్నాయన నవ్వలేదు.

"అయితే కొర్ర దించమంటావా వదినా?" అని అడిగాను.

ఆమె మొహం మారింది. "దించితే నీళ్ళు పాయె. నా చీనీ మొక్కలు కాపుకొచ్చేకి ఇంగో ఏడాది. ఈ కారు తడి లేకపోతే పొయ్యి కిందికే. నువ్వు దించినావంటే నేను నీ ఇంటి ముందర వంట జేసుకుంటా, ఆ పుల్లల్తోనే."

మూడో సూత్రం వడలు. ఒక కారు, అంటే ఒక పంటకాలం, నేల చూడని ముక్క అంచు నుంచి ఎండుతూ వచ్చి చెరిగిపోతుంది. ఊరికి మొదటి నుంచీ ఉన్న పుట్టు ముక్కలకు ఇది వర్తించదు. ఆ చివరి వాక్యం వినగానే అందరూ లేచారు. కొర్ర మా పుట్టు ముక్క. నేను కూడా అక్కడితో పలక మూసేశాను.


మృగశిర, మంగళవారం

సంతలో హుసేనప్ప కనిపించాడు. మడుగూరి తరఫున ఆడేది అతనే. మేక పలుపుతాడు బేరం చేస్తున్నాడు. బేరం తెగక వదిలేసి నా దగ్గరికి వచ్చాడు.

"ఏం తిప్పక్కా, కట్ట జూసినావా?"

"చూసినా. నిద్ర పట్టినాదా నీకు?"

"నాకేమిటికి పట్టదు? మాయన్నీ మడికయ్యలు. వరి, చెరుకు, పసుపు. నా చేతిలో దాచుకునేది ఏమీ ల్యాదు. దాచుకునేటోళ్ళు మీరే." బొరుగులూ బజ్జీలూ తెప్పించాడు. ఉల్లిపాయ ముక్కలు నా వైపుకు నెట్టాడు. "కొర్ర గురించే గదా నీ బాధ?"

అవునన్నాను.

అతను బజ్జీ సగం తిని, మిగతా సగం చేతిలో పట్టుకునే మాట్లాడాడు.

"నా చేతికొస్తే నేనేం జేసుకుంటా దాన్ని? దించితే నాకే దాహం తగ్గుతాది. వచ్చే యాడాది ఆటలో నేనే మిగిలిస్తా. మిగులు కింద నీకే వస్తాది. మీ కొర్ర మా ఇంట్లో ఒగ యాడాది సుట్టరికానికొచ్చిందనుకో."

"మీ ఊరు ఒప్పుకుంటుందా?"

"మా అవ్వ మీ ఊరినుంచి సజ్జ గింజ దెచ్చుకోల్యా? మళ్ళీ కొలిచి ఇయ్యల్యా? గింజకాడ మన రెండూర్ల మధ్య ఎప్పుడన్నా మాట పోయిందా?"

పోలేదు. కర్రలతో కొట్టుకున్న రోజుల్లో కూడా గింజ అడిగితే లేదనలేదు రెండు ఊళ్ళలోనూ. తల పగిలినవాడు కట్టు కట్టించుకుని మరీ గింజ కొలిచి ఇచ్చిన కథ చిన్నాయనే చెబుతాడు.

"ఆట మాత్రం ఆటే. ముందు వంతు నీకు ఊరికే ఇడిచిపెడ్తానని అనుకోవాకు" అన్నాడు హుసేనప్ప. లేచి మళ్ళీ పలుపు బేరానికే పోయాడు.

ఇంటికి వచ్చి చిన్నాయనకు చెప్పాను. ఈ ఒక్క ఏడాది మనం కొర్ర విత్తలేమనీ చెప్పాను. "గింజ మాటయితే సరే" అన్నాడాయన.


మృగశిర, చివరి రోజు

ఆట తూము దగ్గరి షెడ్డులో జరిగింది. రెండు పలకలూ ఎదురెదురుగా పెట్టారు. మా వాళ్ళు ఒక వైపు గోడకు, మడుగూరి వాళ్ళు ఇంకో వైపు గోడకు చేరారు. సభ మనిషి ఎవరూ రాలేదు. ఇప్పుడు రావడం లేదు, అంతా పలకే చూసుకుంటుంది.

హుసేనప్ప వరి దించాడు. నేను వేరుశనగ దించాను. అతను చెరుకు దించాడు. మడుగూరి గోడ వైపు ఈలలు మొదలయ్యాయి. నేను చీనీనీ బోరునూ జోడి కట్టి దించేసరికి ఈలలు ఆగాయి. వెనక నుంచి మారెక్క వదిన, "నా మొక్కల్ని జూడండిరా!" అని అరిచింది. అతను పసుపుకు మడుగు ముక్క కలిపి జోడి కట్టాడు. పోటీ దగ్గర దగ్గరగా వచ్చింది. చివరికి నా చేతిలో గొర్రెలూ కొర్రా మిగిలాయి. గొర్రెలు దించాను. వాటి దాహం కొంచెమే, కానీ అది చాలింది.

పలక అడిగింది: చేతిలో ఒక ముక్క ఉంది, ముగించాలా?

వెనక్కి తిరిగి చిన్నాయన వైపు చూశాను. ఆయన ఎటో చూస్తున్నాడు. ముగించాను.

ముందు వంతు రాళ్లవంకకు అని వచ్చింది. కొర్రముక్క నా పలక అంచు దాకా జరిగి, హుసేనప్ప పలక మీద తేలింది. చిన్నదిగా కనిపించింది అక్కడ, వరి చెరుకుల పక్కన. చిన్నాయన భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నా కాడ భద్రమక్కా" అన్నాడు హుసేనప్ప.


ఆరుద్ర, గురువారం

కాలువలో తూటికాడ కలుపు పీకాం, నీళ్ళు వచ్చాయి. మారెక్క వదిన పాదుల మధ్య కాళ్ళు తడిసేలా తిరుగుతూ ఒక్కొక్క మొక్కనూ పేరు పెట్టి తిడుతోంది. ఆమె ముద్దు అదే. "తాగు, తాగి చావు, నీ కడుపు సల్లగుండ" అంటోంది. పోతున్న నన్ను పిలిచి రెండు సొరకాయలు చేతిలో పెట్టింది.

పలక చూసుకునే పని మామూలుగానే ఉంది. సభ వాళ్ళు రాయమన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను. చదివేవాళ్ళు ఉన్నారో లేదో తెలియదు.


పునర్వసు, బుధవారం

ఈరోజు ఊరికే మడుగూరి కట్ట తీసి చూశాను. ఎదుటి ఊరి కట్ట చూడొచ్చు, దాపరికం లేదు. కొర్రముక్క అంచు గోధుమరంగుకు తిరిగి ఉంది. పలక మీద మట్టి అంటిందనుకుని తుడిచాను. పోలేదు.

పలకను అడిగాను. అది చెప్పింది: ఈ ముక్క మడుగూరి పుట్టు ముక్క కాదు. ఈ కారులో నేల చూడకపోతే వడలిపోతుంది.

వెంటనే హుసేనప్పకు ఫోను చేశాను.

"నేనూ నిన్ననే జూసినా" అన్నాడు. గొంతులో ఆ వేళాకోళం లేదు. "ఆ సూత్రం నేను చదివినా అక్కా. చదవల్యా అని గాదు. మీదే గదా, నేను ఊరికే పెట్టుకున్యా గదా అనుకుంటి. మీ పుట్టు ముక్క మా ఇంట్లో ఉంటే మీది గాకుండా పోతాదా?"

నేను కూడా సరిగ్గా అలాగే అనుకున్నాను. బదులు ఇచ్చిన గింజ ఎవరి కుండలో ఉన్నా ఇచ్చినవాళ్ళదే. మా రెండు ఊళ్ళలో పుట్టిన ఎవరైనా అలాగే అనుకుంటారు. సభకు మాత్రం బదులు అనేది లేదు. ఇటు ఉంటే ఇటు, అటు ఉంటే అటు.

"నువ్వు విత్తితే?" అని అడిగాను.

"మా నేల మీద కొర్ర కనబడితే మా దాహం తగ్గి, మాకు రెండో వంతు తగ్గుతాది. వరి పొట్టకొచ్చే టయానికి తగ్గుతాది. ఊర్లో నన్ను బతకనిస్తారా?"

ఫోనులో వాళ్ళ మేక అరుపు వినిపిస్తోంది.

చిన్నాయనకు చెప్పక తప్పలేదు. చెప్పాను. ఆయన నా మీద అరవలేదు. "చెరిగిపోతే ఎవరి కట్టలోనూ ఉండదా?" అని మాత్రం అడిగాడు. ఉండదన్నాను. "ఎవరూ ఇత్తగూడదా ఇంగ?" కూడదన్నాను. ఆయన లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.


పుష్యమి, సోమవారం

రెండో వంతు కింది ఊళ్ళకు లేదని నిన్న పలక మీద వచ్చింది. డ్యాములో నీళ్ళు తగ్గాయట. ఉన్నవి పై ఊళ్ళకే సరిపోతాయట. ముందు వంతు మాదే అయినా రెండోది మాకు లేకుండా పోయింది.

అదే సాయంత్రం వాన పడింది. మంచి పదును. మామూలు ఏడైతే తెల్లారేసరికి ఊరంతా విత్తనం వేసే గొర్రులు సర్దుకునేది. ఈ ఒక్క పదునుకు పండేది కొర్రే, దాని హక్కు మా దగ్గర లేదు, అందుకే ఈరోజు ఎవరూ చేలకు పోలేదు. చిన్నాయన అటక మీది నుంచి కొర్ర కుండ దించి, మూత మీది పేడ పూత గోకి, గింజ అరచేతిలో పోసుకుని చూస్తున్నాడు. నేను పోయేసరికి మళ్ళీ కుండలో పోసేశాడు.

మారెక్క వదిన వచ్చి గడప మీద కూర్చుంది. బోరు ఎండిపోతే బిందెలతో మోసి మోసి భుజం మీద కాయ కట్టింది. "ఏసేయండి మామా. ఆ గద్ద ఏం పీకుతాది?" అంది.

"చేను పీకుతాది" అన్నాడు చిన్నాయన.

ఆమె భుజం రుద్దుకుంటూ, "నా మొక్కలకోసమే గదా ఇదంతా. తిట్టండి, పడతా" అంది. ఎవరమూ తిట్టలేదు. అసలు ఆట ముగించింది నేను.


పుష్యమి, శనివారం

మధ్యాహ్నం హుసేనప్ప వచ్చాడు. సైకిలు వీధి మొదట్లోనే దిగి నడిపించుకుంటూ వచ్చాడు. చిన్నాయన అరుగు మీద ఉన్నాడు. అడుగుల చప్పుడు విని ఎవరని అడిగాడు. చెప్పాను.

"ఇంగా ఏం మిగిల్నాదని వచ్చినావప్పా?" అన్నాడు చిన్నాయన.

హుసేనప్ప చెప్పులు విడిచి కింద నిలబడ్డాడు. తువ్వాలు దులిపి రెండు చేతుల మీదా పరుచుకున్నాడు.

"గింజ కావల్ల మామా."

వీధిలో పోయేవాళ్ళు ఆగారు.

"ఏం గింజ?"

"కొర్ర. మా ఊర్లో ఒగరింట్లో గూడ ల్యాదు. హక్కు మా కాడ ఉండాది, గింజ మీ కాడ ఉండాది. కాలువ గట్టుమింద నాకొగ మెరక తుండు ఉండాది. ఆడ ఇత్తుతా. ముక్క నేల జూస్తాది. వడలదు."

"మీ ఊరు ఒప్పుకున్నాదా?" నేను అడిగాను.

"చెప్పల్య. చెప్తే ఒప్పుకోరు. ఇత్తినాక తెలుస్తాదిలే, కండ్లున్నాయి గదా."

చిన్నాయన మోచేతి మచ్చ మీద బొటనవేలు ఆడిస్తున్నాడు. నాకు తెలిసి ఆయన మడుగూరి మనిషిని ఇంట్లోకి రమ్మన్నది లేదు. ఇప్పుడు కూడా రమ్మనలేదు. కానీ లేచి, గోడ పట్టుకుని లోపలికి పోయి కుండ తెచ్చాడు. తువ్వాలు ఎక్కడుందో చేత్తో తడిమి చూసి వంచాడు. గింజ ఇసుకలా రాలింది. కుండ బరువు తగ్గుతూ వచ్చి, ఇంకా అడుగున గలగలమంటూ ఉండగానే నిలబెట్టేశాడు.

"కొలవలేదు. నువ్వు గూడ కొలవాకు" అన్నాడు.

హుసేనప్ప తువ్వాలు మూట కట్టాడు. పోబోతూ నా వైపు తిరిగి, "అక్కా, ఇంగొగ మాట, నగవాకు. మా ఊర్లో గొర్రు ల్యాదు. నాటు తప్ప ఇత్తు తెలీదు మాకు" అన్నాడు.

"నేనే తెస్తా" అన్నాను.


పుష్యమి, ఆదివారం

గొర్రు బండికెత్తుకుని మడుగూరికి పోయాం. చిన్నాయన వస్తానన్నాడు. వద్దన్నా ఎక్కాడు. మారెక్క వదిన గొర్రు మీది గిన్నెలో, జడ్డిగంలో, గింజ పోసే పనికి వచ్చింది. చేతి వేళ్ళ మధ్య నుంచి గింజ సమంగా జారాలి. మా ఊర్లో ఆమె చెయ్యే మంచిది.

గట్టు మీద మడుగూరి వాళ్ళు చేరారు.

"ఏం హుసేనప్పా, పిచ్చుకలకు సదివింపులా?"

"ఆట ఓడిపోయి వాళ్ళ కూలోడు అయినాడు సూడండిరా."

"రెండో వంతు తగ్గనీ, నీ గడ్డం గొరుగుతాం!"

హుసేనప్ప ఎద్దులను తోలుతూ, "గొరగండి. మంగలికిచ్చే పని తప్పుతాది" అన్నాడు. కానీ అతని మెడ చెమటతో తడిసింది, ఎండ లేకపోయినా.

సాలు సగంలో ఉండగా గద్ద వచ్చింది. తుండు మీద మూడుసార్లు తిరిగింది. అందరమూ తలెత్తి చూస్తూ నిలబడ్డాం, మడుగూరి వాళ్ళు కూడా. అది పోయాక ఎవరో పలక తెచ్చారు. కొర్రముక్క అంచు ఇంకా గోధుమరంగులోనే ఉంది, కానీ కింది మూల పచ్చబడింది. దాని పక్కనే మడుగూరి దాహం తగ్గినట్టు చూపించింది. గట్టు మీద ఒకతను మట్టిబెడ్డ తీసి విసిరాడు. అది హుసేనప్పకు తగల్లేదు, ఎద్దుకు తగిలింది.

చివరి సాలు దాకా ఆగకుండా విత్తాం.


ఆశ్లేష, శుక్రవారం

మడుగూరు ఆటగాణ్ణి మార్చింది. హుసేనప్ప చేతి నుంచి పలక తీసుకుని, టౌనులో ఈ ఆటే చదువుకుని వచ్చిన శశికిరణ్ అనే అతనికి ఇచ్చారు. హుసేనప్పను ఊర్లో ఎవరూ పిలవడం లేదట. రచ్చకూ పెళ్ళికీ కూడా. అతనే ఫోనులో చెప్పాడు, నవ్వుతూ. "మేక మాత్రం మాట్లాడ్తాంది" అన్నాడు.

మా చేలల్లో వాన పదునుకు గడ్డి మొలిచింది. గొర్రెలను తోలాం. మారెక్క వదిన ఎండిన చీనీ మొక్కలను పీకి దొడ్లో పేర్చింది. సగం పైనే పోయాయి. వాటితో నా ఇంటి ముందు వంట చేయలేదు.


హస్త, మంగళవారం

కొత్త ఆటగాడు పలకలో పలకరించాడు. రాళ్లవంక వారికి నమస్కారం, వచ్చే ఏడాది మంచి ఆట ఆడదాం అని రాశాడు. మర్యాదస్తుడిలాగే ఉన్నాడు. కొర్ర సంగతి హుసేనప్ప చెప్పాడా అని అడిగాను. చెప్పారు అన్నాడు. మిగులు కింద మాకు వదిలేస్తారా అని అడిగాను.

ఆటకు ముందే మాట ఇవ్వడం పద్ధతి కాదండీ, ఆ రోజు చేతిని బట్టి చూద్దాం అని జవాబు వచ్చింది. మిగలకుండా దించేస్తే కొర్ర వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది.

పలక మూసి మడుగూరికి పోయాను. కొర్ర కంకి పాలు పోసుకుంది. చిన్నాయన పది రోజులుగా అక్కడే ఉంటున్నాడు. కాలువ గట్టు మీద హుసేనప్ప వేసిచ్చిన మంచె ఎక్కి కూర్చుంటున్నాడు, చేతిలో వడిసెల. చూపు సరిగ్గా లేదు కదా, పిట్టలు ఎక్కడున్నాయో హుసేనప్ప కింద నుంచి చెబుతున్నాడు.

"ఎడమకు మామా. ఇంగా ఎడమకు. ఆఁ, ఇడు."

రాయి ఎక్కడో పడింది. పిచ్చుకలు లేచి, పక్క వరిమడిలో దిగాయి. అటు నుంచి ఎవరో తిట్టారు. ఇద్దరూ నవ్వారు.

నన్ను చూసి చిన్నాయన అడిగాడు. "ఏమంటాడు ఆ పిల్లోడు?"

"చూద్దామన్నాడు చిన్నాయనా."

ఆయన ఒళ్ళో ఉన్న రాళ్ళలో ఒకటి తడిమి తీసుకుని వడిసెలలో పెట్టాడు.

"యాడుండాయిరా?" అని కిందికి అడిగాడు.